డేట్ కదలకపోతే ఏది కదులుతుంది?

తెలుగు ఇళ్లలోకి సాఫ్ట్‌వేర్ అనే మాటని మోసుకొచ్చింది ఒక డెడ్‌లైన్: 1999 డిసెంబరు 31. పాత కంప్యూటర్లలో సంవత్సరాన్ని రెండంకెల్లోనే దాచేవారు. 99 తర్వాత 00 వస్తే అది 2000 అని వాటికి తెలియదు, 1900 అనుకుంటాయి. అమెరికా బ్యాంకుల్లో, ఇన్సూరెన్స్ కంపెనీల్లో ఏళ్ల తరబడి పేరుకుపోయిన, కోబాల్ అనే పాత కంప్యూటర్ భాషలో రాసిన ప్రోగ్రాములన్నింటినీ ఆ రాత్రిలోపు సరిచెయ్యాలి. సాఫ్ట్‌వేర్ మనుషుల కోసం గిరాకీ ఎంత పెరిగిందంటే, 1998లో అమెరికా హెచ్-1బీ వీసాల వార్షిక పరిమితిని 65,000 నుంచి 1,15,000కి పెంచింది. ఇటు అమీర్‌పేటలో ఆ ప్రోగ్రాములు నడిచే భారీ కంప్యూటర్ల, అంటే మెయిన్‌ఫ్రేమ్ కోర్సుల బోర్డులు లేచాయి. కోబాల్ అంటే ఏంటో అంతకుముందు విననివాళ్లు కూడా అది నేర్చుకుని విమానం ఎక్కేశారు.

ఆ పని టైముకి అయింది. ఈ సంగతి ఎవరూ గుర్తుచేసుకోరు. జనవరి 1న ఏమీ కూలకపోయేసరికి, అదంతా ఉత్త హడావుడి అని తేల్చేశారు. నన్నడిగితే, కదలని తేదీతో సాఫ్ట్‌వేర్ పని చెయ్యొచ్చు అనడానికి అంతకంటే పెద్ద ఉదాహరణ లేదు. ఎలా చెయ్యగలిగారన్నదే చూడాలి.

వైటూకే అని పేరుపడ్డ ఈ 2000 సంవత్సరం గొడవలో పని చాలా ఎక్కువే, కానీ అది ఎలాంటి పనో ముందే తెలుసు. ఎక్కడెక్కడ తేదీలున్నాయో వెతకాలి, మార్చాలి, టెస్ట్ చెయ్యాలి. ప్రోగ్రాములు లెక్కపెట్టొచ్చు. వందలో పది అయితే ఇంకా తొంభై ఉన్నాయని ధైర్యంగా చెప్పొచ్చు. రెండో కారణం ఇంకా ముఖ్యం. వాళ్లు కొంత పని వదిలేశారు. అన్ని చోట్లా సంవత్సరాన్ని నాలుగంకెలు చెయ్యలేదు. చాలాచోట్ల ఒక గీత గీసి సరిపెట్టారు: రెండంకెలు 50 కంటే తక్కువైతే 2000లు, లేకపోతే 1900లు. గీత ఎక్కడ గియ్యాలన్నది ఎవరిష్టం వాళ్లది. కొందరు 20 దగ్గర గీశారు, వాళ్లలో కొందరికి 2020 జనవరిలో అది తగిలింది కూడా. శాశ్వత పరిష్కారం వాయిదా వేసి, తేదీని నిలబెట్టుకున్నారన్నమాట.

అంటే డెడ్‌లైన్ అనేది దానంతట అది చెడ్డది కాదు. ఏం చెయ్యాలో సగమే తెలిసినప్పుడు డేట్ ఖాయం చేసి, ఫీచర్ల జాబితా కూడా ఖాయం చేసి, రెండింట్లో ఏదీ కదలకూడదన్నప్పుడే గొడవంతా. తెలియనిది ఎక్కడికీ మాయమైపోదు. డేట్ మీదో, ఫీచర్ల మీదో, క్వాలిటీ మీదో, పనిచేసేవాళ్ల నిద్ర మీదో పడుతుంది. మొదటి రెండూ కదలకూడదని కూర్చుంటే చివరి రెండే కదులుతాయి. అవి కదిలినట్టు ఏ మీటింగులోనూ కనబడదు. అందుకే అందరికీ అదే సౌకర్యంగా ఉంటుంది, రిలీజ్ అయ్యేదాకా.

అసలు అంచనాలు ఎందుకు తప్పుతాయి? డెవలపర్లు బద్ధకస్తులనో మేనేజర్లకి ఆశెక్కువనో చెప్పడం తేలిక. అసలు కారణం లెక్కలోనే ఉంది. ఒక యాప్‌లో కొత్తగా యూపీఐ చెల్లింపు చేర్చాలనుకుందాం. మూడు రోజుల పని అన్నారు. అన్నీ కలిసొస్తే రెండు రోజుల్లో అవుతుంది, ఎంత గింజుకున్నా ఒక రోజు లోపు కాదు. కానీ పేమెంట్ గేట్‌వే వాళ్ల టెస్ట్ ఖాతా రాకపోయినా, రిఫండ్ లెక్క పాత కోడ్‌లో ఇంకెక్కడో ముడిపడి ఉన్నా, సెక్యూరిటీ టీమ్ అడ్డం తిరిగినా మూడు వారాలు పడుతుంది. తగ్గడానికి ఒకటి రెండు రోజులే చోటుంది, పెరగడానికి హద్దు లేదు. ఇలాంటి యాభై పనులకి "మామూలుగా పట్టే టైము" వేసి కూడితే, వచ్చే మొత్తం దాదాపు ఎప్పుడూ అసలు పట్టేదానికంటే తక్కువే ఉంటుంది.

ఇంకో లెక్క చూడండి. ఒక రిలీజ్‌కి ఐదు టీములు తమ ముక్కలు ఇవ్వాలి. ఒక్కో టీము టైముకి ఇచ్చే అవకాశం 80 శాతం. వినడానికి బాగానే ఉంది. కానీ ఐదుగురూ టైముకి ఇస్తేనే రిలీజ్. ఒకరి ఆలస్యానికీ ఇంకొకరి ఆలస్యానికీ సంబంధం లేదనుకుంటే 0.8ని ఐదుసార్లు గుణించాలి, వచ్చేది 33 శాతం. అందరూ చాలావరకు మాట నిలబెట్టుకునేవాళ్లే అయినా, మొత్తం మీద మూడింట రెండుసార్లు ఆలస్యం అవుతుంది. ఇందులో తప్పు ఎవరిది?

మనిషి మనసు కూడా దీనికి తోడవుతుంది. 1994లో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అనే ముగ్గురు మనస్తత్వ పరిశోధకులు విద్యార్థులని మీ థీసిస్ ఎన్ని రోజుల్లో పూర్తవుతుందని అడిగారు. సగటున 34 రోజులన్నారు. అన్నీ ఎదురుతిరిగితే? 49 రోజులన్నారు. నిజానికి పట్టింది సుమారు 55 రోజులు. "ఘోరంగా ఉంటే ఇంత" అని చెప్పినదాన్ని కూడా దాటిపోయింది. ముందు చేసిన పనుల్లో ఆలస్యం అయిన సంగతి మనకి గుర్తే ఉంటుంది, కానీ ఈసారి వేరు అనిపిస్తుంది.

సాఫ్ట్‌వేర్‌కి ఇది ఇంకా గట్టిగా వర్తించడానికి ఒక మామూలు కారణం ఉంది. ఒకసారి రాసిన ప్రోగ్రాముని మళ్లీ రాయక్కర్లేదు, కాపీ చేసుకుంటాం. కాబట్టి ఎవరైనా డబ్బిచ్చి రాయిస్తున్నారంటే అందులో కొత్తది ఏదో ఉన్నట్టే, ఆ కొత్తదాని గురించి ఎవరికీ పూర్తిగా తెలియనట్టే. బారీ బోమ్ అనే అమెరికన్ ఇంజినీరు 1981లోనే దీనికి కొలత చెప్పాడు. ఐడియా దశలో వేసే అంచనా నాలుగు రెట్లు అటూ ఇటూ ఉండొచ్చన్నాడు. "ఆరు నెలలు" అన్న పని నెలన్నరలో కావచ్చు, రెండేళ్లు కావచ్చు. ఏం కట్టాలో రాతపూర్వకంగా తేలాక ఆ తేడా ఒకటిన్నర రెట్లకి దిగుతుంది. తేడా తగ్గేది క్యాలెండర్ తిరగడం వల్ల కాదు, ఒక్కొక్క ప్రశ్నకీ జవాబు తేల్చడం వల్ల. మన దౌర్భాగ్యం ఏమిటంటే, కాంట్రాక్టు మీద సంతకం పడేది సరిగ్గా ఆ నాలుగు రెట్ల దశలోనే.

హైదరాబాద్ ఆఫీసుల్లో ఈ అంచనా ఎలా ప్రయాణిస్తుందో అక్కడ పనిచేసినవాళ్లందరికీ తెలుసు. "రెండు వారాలు పట్టొచ్చు అన్నా, కానీ వాళ్ల ఏపీఐ ఎలా ఉందో చూడాలి" అంటాడు డెవలపర్. ఏపీఐ అంటే ఇంకొకరి సిస్టమ్‌తో మన ప్రోగ్రాము మాట్లాడే దారి. లీడ్ ఎక్సెల్ షీట్‌లో 10 రోజులు అని రాస్తాడు. మేనేజర్ స్లైడ్‌లో అది 14వ తేదీ అవుతుంది. ఆ రాత్రి కాల్‌లో, క్లయింటు దగ్గరే కూర్చునే ఆన్‌సైట్‌ వాళ్లు క్లయింటుకి "14కి కమిట్ అయ్యాం" అని చెప్పేస్తారు. దారిలో ఎవరూ అబద్ధమాడలేదు. ఒక్కొక్కరి దగ్గరా ఒక్కో షరతు రాలిపోయింది, అంతే. డెవలపర్ చెప్పింది అంచనా. మేనేజర్‌కి కావల్సింది లక్ష్యం. క్లయింటు చెవిన పడింది ఇచ్చిన మాట. మూడూ వేరువేరు, మూడింటికీ ఒకే అంకె.

రెండు మూడు సార్లు దెబ్బతిన్నాక బేరం మొదలవుతుంది. లీడ్ ఎలాగూ కోస్తాడని డెవలపర్ ఐదు రోజుల పనికి ఎనిమిదంటాడు. వీడు ఎలాగూ కలిపి చెబుతాడని లీడ్ ఆరు రాస్తాడు. కొన్నాళ్లకి ఆ అంకెలో పని గురించిన సమాచారం ఏమీ మిగలదు, ఇద్దరి మధ్య ఉన్న అపనమ్మకం కొలత మాత్రమే మిగులుతుంది. పోనీ ఆ అదనపు రోజులైనా దక్కుతాయా అంటే, అవీ దక్కవు. ఉన్న టైమంతా నిండేదాకా పని సాగుతుందని పార్కిన్సన్ అనే బ్రిటిష్ రచయిత 1955లో వెటకారంగా రాసిన సూత్రం ఇప్పటికీ ప్రతి స్ప్రింట్‌లోనూ (పనిని విడగొట్టుకునే రెండు మూడు వారాల విడతలోనూ) నిజమవుతూనే ఉంది. తొందరగా అయిన పని తొందరగా అయిందని ఎవడూ చెప్పడు. చెబితే వచ్చేసారి ఇంకో రోజు కోస్తారు.

రాయలసీమలో బోరు వేయించే రైతు దీనికి వేరే దారి పట్టాడు. ఎన్ని అడుగుల్లో నీళ్లు పడతాయంటే ఏ రిగ్గు వాడూ మాటివ్వడు, అడుగుకి ఇంత అని రేటు చెబుతాడు. రైతు ముందే అనుకుంటాడు, ఎనిమిది వందల అడుగుల దాకా చూద్దాం, పడకపోతే ఆపేద్దామని. అది అంచనా కాదు. ఎంత దాకా పెట్టగలనో తేల్చుకోవడం. తెలియని పనికి అడగాల్సిన ప్రశ్న కూడా అదే: ఎంత టైము పడుతుందని కాదు, దీనిమీద ఎంత టైము పెట్టడానికి మనకి ఇష్టం అని. సాఫ్ట్‌వేర్ టీములు స్పైక్ పేరుతో చేసేది ఈ పనే. రెండు రోజులు తవ్వి చూసి, అప్పుడు మాట్లాడతారు. కాకపోతే బోరు దగ్గర ఇంకో నిజం కూడా ఉంది. ఎనిమిది వందల అడుగుల దగ్గర తడిమట్టి కనబడితే రైతు ఆగలేడు. ఇంకో వంద, ఇంకో వంద అంటూ అప్పులోకి దిగుతాడు. ప్రాజెక్టులూ అంతే. హద్దు పెట్టుకోవడం తేలిక, దాని దగ్గర ఆగడమే కష్టం.

అన్నీ ఒకేసారి బిగిస్తే ఏమవుతుందో చూడాలంటే హెల్త్‌కేర్ డాట్ గవ్ కథ చూడాలి. ఒబామా ఆరోగ్య బీమా చట్టం 2010 మార్చిలో వచ్చింది. 2014 జనవరి నుంచి కవరేజీ మొదలవ్వాలి కాబట్టి, జనం బీమా కొనుక్కునే వెబ్‌సైటు 2013 అక్టోబరు 1న తెరవాలి. తేదీ గట్టిది. పని మాత్రం చివరిదాకా తేలలేదు. రాష్ట్రాలు సొంత సైట్లు పెట్టుకుంటాయా, కేంద్రం సైటు మీద ఆధారపడతాయా అన్నది ఆలస్యంగా తెలిసింది. ఆఖరికి 36 రాష్ట్రాలు కేంద్రం నెత్తినే పడ్డాయి. నిబంధనలు ఆలస్యంగా వచ్చాయి. డజన్లకొద్దీ కాంట్రాక్టర్లు ముక్కలు ముక్కలుగా కట్టారు. మొత్తాన్ని కలిపి ఈ చివర నుంచి ఆ చివరి దాకా టెస్ట్ చెయ్యడానికి మిగిలింది ఆఖరి రెండు వారాలే.

ఆ హడావుడిలో వాళ్లూ ఒక ఫీచర్ వదిలేశారు. ఖాతా తెరవకుండానే ప్లాన్లు, ధరలు చూసుకునే సౌకర్యం అది. దాన్ని తీసేసేసరికి, ఊరికే ధరలు చూద్దామని వచ్చిన లక్షలమంది కూడా ఖాతా తెరిచే పేజీ మీదే పడ్డారు. సైటులో అన్నిటికంటే బలహీనంగా ఉన్నది ఆ పేజీయే. మొదటి రోజు ఆ సైటులో బీమా ఎంచుకుని చివరిదాకా వెళ్లగలిగింది ఆరుగురు. ఫీచర్ కొయ్యడం తప్పు కాదు. ఆఖరి రోజుల్లో, ఏది కోస్తే బరువు ఎటు పడుతుందో చూడకుండా కొయ్యడం తప్పు.

ఆ తర్వాతి రెండు నెలల గురించి ఎవరూ అంతగా మాట్లాడరు. జెఫ్ జయెంట్స్‌ని బాధ్యుడిగా పెట్టారు, గూగుల్‌లో పనిచేసిన మైకీ డికర్సన్ లాంటి ఇంజినీర్లు వచ్చారు. కొత్త గడువు నవంబరు 30. అప్పటికి సైటు అన్నీ చెయ్యాలనలేదు, వచ్చినవాళ్లలో అత్యధికులకి సాఫీగా పనిచేస్తే చాలన్నారు. చిన్న వ్యాపారాల కోసం అనుకున్న ఆన్‌లైన్ నమోదుని ఏకంగా ఏడాది వెనక్కి నెట్టారు. 400కి పైగా లోపాలు సరిచేశారు. డిసెంబరు మొదటికి ఒకేసారి 50,000 మందిని మోసే స్థితికి వచ్చిందని ప్రకటించారు. గడువు మళ్లీ ఉంది, కానీ ఈసారి ఏది వదలాలో చెప్పే అధికారం ఉన్న మనిషి కూడా ఉన్నాడు. నా లెక్కలో తేడా అంతా అక్కడే.

కొత్తవాళ్లు రావడం వల్ల కాదా అంటే, కొంతవరకే. ఆలస్యమైన ప్రాజెక్టుకి మనుషుల్ని కలిపితే ఇంకా ఆలస్యం అవుతుందని ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో రాశాడు. ఆయన ఐబీఎంలో ఓఎస్/360 అనే భారీ ఆపరేటింగ్ సిస్టమ్ పనిని నడిపి, ఆలస్యం అంటే ఏంటో రుచి చూసినవాడు. ఐదుగురున్న టీములో ఇద్దరిద్దరి మధ్య మాటల దారులు 10. పదిమందైతే 45, ఇరవైమందైతే 190. కొత్తగా వచ్చినవాడికి పని నేర్పేది కూడా, అప్పటికే ఆలస్యంలో ఉన్న పాతవాళ్లే. ఎస్కలేషన్ (పైవాళ్లకి క్లయింటు ఫిర్యాదు) రాగానే "ఇంకో నలుగురు రిసోర్సులని వేస్తున్నాం" అని క్లయింటుకి మెయిల్ పెట్టేవాళ్లకి ఈ సంగతి తెలియక కాదు. ఆ మెయిల్ ప్రాజెక్టు కోసం కాదు, క్లయింటు కోసం.

ఇంజినీర్ల వైపు కూడా ఒక మొండితనం ఉంది. "అయినప్పుడు అవుతుంది, డేట్ అడక్కండి" అంటారు. అలా వదిలేస్తే ఏమవుతుందో డ్యూక్ న్యూకెమ్ ఫరెవర్ అనే వీడియో గేమ్ చూపించింది. 1997లో ప్రకటించారు, 2011లో విడుదలైంది. వచ్చాక ఎవరికీ నచ్చలేదు. అవతలివాళ్లకీ తేదీలుంటాయి. పండగ సేల్, బడ్జెట్ ఏడాది, చట్టం, పరీక్షల సీజన్, ఇవన్నీ నిజమైన తేదీలే. పైగా డేట్ లేకపోతే దేన్నీ వదలాల్సిన అవసరం రాదు, కాబట్టి ఏదీ పూర్తి కాదు. అలాగని డేట్‌ని కొంచెం కొంచెంగా జరపడం కూడా మందు కాదు. సైబర్‌పంక్ 2077 గేమ్ 2020లో ఏప్రిల్ నుంచి సెప్టెంబరుకి, అక్కణ్నుంచి నవంబరుకి, చివరికి డిసెంబరు 10కి జరిగింది. విడుదలైన వారానికి, దాన్లో ఉన్న బగ్గుల దెబ్బకి, సోనీ తన ప్లేస్టేషన్ స్టోర్ నుంచే దాన్ని తీసేసింది.

నాకు నచ్చిన దారి లినక్స్ కెర్నల్ వాళ్లది. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రాము అది. పూర్వం వాళ్లూ సిద్ధమైనప్పుడే వదిలేవారు. 2.4 వెర్షన్ 2001 జనవరిలో వస్తే 2.6 రావడానికి 2003 డిసెంబరు అయింది. తర్వాత రిలీజ్ ఇంకో మూడేళ్లకి గానీ రాదనుకుంటే ఎవరైనా ఏం చేస్తారు? సగం ఉడికిందైనా సరే ఇప్పుడే ఎక్కించాలని తోస్తారు. దాంతో ఇంకా ఆలస్యం. ఇప్పుడు పద్ధతి వేరు. రెండు వారాల పాటు కొత్త కోడ్ తీసుకుంటారు, ఆపైన ఏడెనిమిది వారాలు తప్పులు దిద్దడమే, తొమ్మిది పది వారాలకోసారి కొత్త వెర్షన్. మీ ఫీచర్ సిద్ధం కాలేదా, మళ్లీ రెండు నెలలకి రండి. ఎవరినీ బతిమాలక్కర్లేదు, రాత్రుళ్లు కూర్చోక్కర్లేదు. లినక్స్ మీద కట్టిన ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్ కూడా ఏప్రిల్, అక్టోబరుల్లో ఇలాగే వస్తుంది. వెర్షన్ నంబరులోనే ఏడాది, నెల ఉంటాయి కాబట్టి తప్పితే అందరికీ తెలిసిపోతుంది. 2006 ఏప్రిల్‌లో రావాల్సింది జూన్‌లో వచ్చింది, అందుకే అది 6.04 కాకుండా 6.06గా మిగిలిపోయింది. ఇక్కడ డేట్ గట్టిది, అందులో ఏం ఉంటుందన్నది మాత్రం వదులు. తప్పిపోవడం ఖరీదైన విషయం కాదు కాబట్టి "నాది అవ్వలేదు" అని చెప్పడానికి ఎవరూ భయపడరు.

మన సర్వీసు కంపెనీల్లో ఇది ఎందుకు కుదరదంటే, ఒప్పందమే వేరుగా ఉంటుంది. ఫిక్స్‌డ్ బిడ్ అంటారు. రేటు ఖాయం, ఫీచర్లు ఖాయం, తేదీ ఖాయం. టెండర్ గెలవాలి కాబట్టి రేటూ, గడువూ తక్కువ చేసి రాస్తారు. ఆ తర్వాత ఎంత అజైల్ (కొంచెం కొంచెంగా కట్టి, చూసి మార్చుకునే పద్ధతి) అన్నా, రెండు వారాలకో స్ప్రింట్ పెట్టినా, కదలడానికి ఏమీ మిగల్లేదు. అందుకే పని ఎంత పెద్దదో ఉజ్జాయింపుగా చెప్పడానికి పెట్టుకున్న స్టోరీ పాయింట్లు గంటలుగా మారిపోతాయి. పోయిన స్ప్రింట్‌లో 40 చేశారు కాబట్టి ఈసారి 45 చెయ్యమంటారు. స్టోరీ పాయింట్లని కనిపెట్టింది బహుశా నేనేనేమో, అయితే క్షమించండి అన్నట్టు అజైల్ పద్ధతి మొదలుపెట్టినవాళ్లలో ఒకడైన రాన్ జెఫ్రీస్ తర్వాత రాసుకున్నాడు. పని 90 శాతం అయిందని మూడు వారాలు వరుసగా చెప్పే స్టేటస్ కాల్ చూసినవాళ్లకి ఆయన బాధ అర్థమవుతుంది.

ఇంత బిగింపులోనూ చెయ్యగలిగినవి కొన్ని ఉన్నాయి. అన్నిటికంటే భయంగా ఉన్న పనిని మొదటి వారంలో పెట్టుకోవడం ఒకటి. సాధారణంగా దాన్ని చివరికి నెడతాం, లాగిన్ పేజీతో మొదలుపెడతాం, ఎందుకంటే డెమోలో చూపించడానికి ఏదో ఉంటుంది. ముక్కల్ని చివర్లో కాకుండా మొదట్నుంచే కలిపి నడిపించడం ఇంకోటి. ఒకే తేదీ చెప్పకుండా "15 కల్లా అయ్యే అవకాశం సగం, నెలాఖరుకి తొంభై శాతం" అని చెప్పడం మొదట్లో ఇబ్బందిగానే ఉంటుంది, ఫస్ట్ ఏదో ఒకటి చెప్పండి అంటారు. అప్పుడు అడగాల్సింది ఆ తేదీ ఎందుకు అని. సగంసార్లు దాని వెనక నిజమైన కారణం ఉంటుంది, దాన్నిబట్టి ఏది ముందు కావాలో తేలిపోతుంది. మిగతా సగంసార్లు, ఆ తేదీ ఎవరో స్లైడ్ నింపడానికి రాసిందని బయటపడుతుంది. ఏది వదిలేస్తామన్న జాబితా మాత్రం మొదటి వారంలోనే రాసిపెట్టుకోవాలి. చివరి వారంలో ఎవరి బుర్రా పనిచెయ్యదు.

ఇదంతా సాఫ్ట్‌వేర్ వాళ్ల గోల అనుకునేవాళ్లకి 2021 జూన్ 7 గుర్తుండే ఉంటుంది. ఆదాయపు పన్ను శాఖ కొత్త ఈ-ఫైలింగ్ పోర్టల్ ఆ రోజే తెరిచింది. పాతదాన్ని పక్కన నడుపుతూ కొంతకాలం చూద్దామని కాకుండా, దాన్ని మూసేసి ఒక్కసారిగా కొత్తదానికి మారిపోయారు. లాగిన్లు తెగిపోయాయి, ఓటీపీలు రాలేదు, పాత రిటర్నులు కనబడలేదు. ఆగస్టులో ఇన్ఫోసిస్ సీఈఓని ఆర్థిక మంత్రి పిలిపించి సెప్టెంబరు 15 కల్లా సరిచెయ్యమన్నారు. కోవిడ్ వల్ల అప్పటికే జులై నుంచి సెప్టెంబరు 30కి జరిగిన రిటర్నుల గడువుని, పోర్టల్ ఇబ్బందులు చూపించి డిసెంబరు 31కి మార్చారు. పోర్టల్ తెరుస్తామని ప్రకటించిన తేదీ మాత్రం కదల్లేదు. అది కదలని లోటు అంతా ఊరూరా ఆడిటర్ల ఆఫీసుల్లో, రాత్రి పన్నెండింటికి పేజీ తెరుచుకుంటుందేమోనని రిఫ్రెష్ కొడుతూ కూర్చున్నవాళ్లు భరించారు.